డెక్కనోలెస్టిస్ చెట్లెక్కేదని ఎముక చూసి ఎలా చెప్తారు?

డెక్కనోలెస్టిస్ అంటే డైనోసార్ల కాలంలో బతికిన ఒక చిన్న క్షీరదం, అంటే పిల్లలకు పాలిచ్చే జంతువు. మిల్లీమీటర్లలో కొలిచే పళ్లు చూసి ఇది చెట్ల మీద తిరిగేది, పురుగులు తినేది అని ఎలా చెప్తారు, అంతా ఊహేనా అని ఒకరు అడిగారు. ఊహ కాదండి. పురుగుల సంగతి పళ్లు చెప్తాయి, చెట్ల సంగతి చెప్పింది మాత్రం కాలి ఎముకలు.

ఇది మన వికారాబాద్ దగ్గర నస్కల్‌లో దొరికింది, 1988లో శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని గార్లు పేరు పెట్టారు, డైనోసార్ల చివరి కాలమైన క్రెటేషియస్ నాటి క్షీరదం మన దేశంలో బయటపడటం అదే మొదలు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో లావా పొంగి ఆగి మళ్లీ పొంగేది, ఆ గ్యాప్‌లో ఏర్పడ్డ చెరువుల బురదలో ఈ ఎముకలు చేరి పైన లావా కప్పేసింది.

నేను ఎమ్మెస్సీ జియాలజీలో ఇలాంటి మట్టి కడిగాను. బాగా ఎండబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, అది వంపేసి నీళ్లు పోస్తే గడ్డలు వాటంతటవే విచ్చుకుంటాయి, తర్వాత సన్న జల్లెడలో కడిగి ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద తడి బ్రష్ మొనతో ఒక్కొక్క నలుసూ ఏరాలి, మెడ పట్టేస్తుంది. ఎక్కువగా చేప పళ్లు, నత్త గుల్లలే వస్తాయి. చేప పన్ను చాలావరకు ఒకే మొనతో నున్నగా ఉంటుంది, క్షీరదం దవడ పన్ను మీద చాలా మొనలుంటాయి, డెక్కనోలెస్టిస్‌కైతే అవి పదునుగా, పురుగు పెంకును గుచ్చి కోసేలా ఉంటాయి.

ఇక చెట్లు. నస్కల్‌లోనే చీలమండ ఎముకలు దొరికితే 1994లో ప్రసాద్, గోదినో వాటి మీద పేపర్ రాశారు. ఆ ఎముకలు ఒకదాన్నొకటి తాకే చోటు చూస్తే పాదం లోపలికి బాగా తిరిగేదని తెలుస్తుంది, అంటే అరికాలు మానుకి ఆనించి పట్టుకోగలదు. ఉడత తలకిందులుగా చెట్టు దిగేటప్పుడు వెనక పాదాలు గమనించండి, పాదాన్ని వెనక్కి తిప్పి గోళ్లతో బెరడు పట్టుకుంటుంది, ఆ పనంతా చీలమండ దగ్గర కీళ్లదే. 2010లో చేతి ఎముకలు పరిశీలించినప్పుడు కూడా చెట్లెక్కే జంతువనే తేలింది.

కోతుల మూలపురుషుడు తెలంగాణలో దొరికాడు అని కొందరు రాసేస్తుంటారు, అది మాత్రం నమ్మకండి. 2011లో అంజలి గోస్వామి టీమ్ విశ్లేషణలో ఇది ఈనాటి ప్లాసెంటల్ క్షీరదాల (కడుపులో మాయ ద్వారా పిల్లల్ని పెంచేవి, కోతులూ ఇందులోవే) గుంపు కంటే ముందే విడిపోయిన కొమ్మ అని వచ్చింది, నాకూ అదే సబబుగా ఉంది. దీని చుట్టాలుగా వాళ్లు చూపించిన అడాపిసోరిక్యులిడ్లు అనే అంతరించిపోయిన చిన్న క్షీరదాలు తర్వాతి కాలంలో మొరాకోలో, ఫ్రాన్స్‌లో కనిపిస్తాయి, అప్పటికి ఇండియా ఇంకా ఆసియాకి పూర్తిగా అతుక్కోలేదు, మరి ఇవి అటు ఎలా చేరాయన్నదే ఇప్పుడు తేలాల్సిన అసలు ప్రశ్న.