కిరాయి గదిలో ఆటా, నాష్టా

ఇల్లు-వాకిలి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది రెండు బెడ్‌రూముల కిరాయి అపార్ట్‌మెంట్. వంటింటి పక్కన 10×12 అడుగుల గది ఉంది. పొద్దున అక్కడే నాష్టా, సాయంత్రం అక్కడే పిల్లల ఆట. బాబుకు మూడేళ్లు, పాపకు ఎనిమిది. గోడలకు మొల కొట్టొద్దని ఓనరు ముందే చెప్పారు. బొమ్మల స్టిక్కర్లు అంటిస్తే వారంలో రాలాయి, రాలిన చోట రంగు కూడా లేచింది. గది ముచ్చటగా ఉండాలి, పనికీ రావాలి. ఎట్ల చేద్దాం?
– ఓ పాఠకురాలు, నల్లగొండ

జవాబు: గోడను అరచేత్తో గట్టిగా రుద్దండి. తెల్లపొడి అంటితే అది సున్నమో, డిస్టెంపరో. జిగురు ఆ పొడిని పట్టుకుంటుంది గానీ గోడను పట్టుకోదు. కాస్త బరువు పడగానే పొడితో సహా ఊడుతుంది. అలాంటి గోడకు ఎంత ఖరీదైన హుక్కు తెచ్చినా అదే గతి. పొడి అంటకపోతే ప్లాస్టిక్ ఎమల్షన్ అయ్యుండొచ్చు. అయినా తొందరపడకుండా తలుపు చాటున రెండంగుళాల టేపు ముక్క అంటించి, ఒక రోజు ఆగి, మెల్లగా లాగి చూడాలి. మీ గోడ ఈ పరీక్షలో ఎలాగూ తప్పింది కాబట్టి దాన్ని వదిలేయండి. మీ గదికి అందం, సదుపాయం రెండూ నేల మీద నిలబడే సామానుతోనే రావాలి.

వంటింటి తలుపుకు దగ్గరగా ఉన్న మూలను నాష్టాకు కేటాయించండి. వేడి గిన్నె మోసుకొచ్చే దారిలో ఆటబొమ్మ ఉండకూడదు, అంతకు మించిన లెక్క ఏమీ లేదు. ఆ మూలలో రెండు బల్లపెట్టెలు ఎల్ ఆకారంలో వేస్తే కూర్చోవడానికి కూర్చోవడం, బొమ్మలు దాచడానికి దాచడం.

రెండింటికీ కలిపి 8×4 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒక్కటి చాలు. దుకాణంలోనే మెషిన్ మీద కోయించండి. షీటును నిలువునా మూడు పట్టీలు చేస్తే, రంపం తినేది పోను ఒక్కోటి 16 అంగుళాలకు పిసరంత తక్కువ వెడల్పు వస్తుంది. మొదటి రెండు పట్టీల్లో ఒక్కోదాని నుంచి 48 అంగుళాల పైపలక, 46½ అంగుళాల అడుగుపలక తీయాలి. మూడో పట్టీ నుంచి నిలువు పలకలు ఆరు: పక్కలకు 15¾ అంగుళాలవి నాలుగు, నడిమి ఊతానికి 15 అంగుళాలవి రెండు. అడుగుపలకకు కూడా 48 అని చెప్పి చాలామంది దెబ్బతింటారు. అది పక్కపలకల మధ్యలో కూర్చోవాలి, వాటి మందం ఒకటిన్నర అంగుళం తీసేయాల్సిందే.

ప్లైవుడ్ బీడబ్ల్యూఆర్ రకం (మరిగే నీళ్లకూ ఆగేది) అడగండి, షీటు మీద ఐఎస్ 303 ముద్రతో పాటు బీడబ్ల్యూఆర్ అని కూడా ఉందో లేదో చూసుకోండి. కమర్షియల్ అని అమ్మే ఎంఆర్ రకం గాలిలోని చెమ్మకు ఆగుతుంది కానీ రోజూ నేల తుడిచే ఇంట్లో అడుగు అంచు ఉబ్బి పొరలు విచ్చుతుంది. ఏ రకమైనా కింద అరంగుళం రబ్బరు బుష్‌లు పెట్టెకు ఆరు చొప్పున బిగించండి. అన్నీ కలిపి 17 అంగుళాల ఎత్తు వస్తుంది. పైన ఒకటిన్నర అంగుళం గట్టి ఫోమ్ పరుపు వేస్తే పెద్దవాళ్లకు సరిగ్గా సరిపోతుంది.

ముందు వైపు తెరిచే ఉంచండి, తలుపులొద్దు, పిల్లల వేళ్లు నలుగుతాయి. వెనక వైపు మాత్రం 6 మి.మీ. ప్లైవుడ్ తప్పకుండా కొట్టించండి. వెనక పలక లేని పెట్టె, ఎవరైనా పక్కకు జరిగి కూర్చున్నప్పుడల్లా ఊగి ఊగి నెల తిరగకముందే స్క్రూలు వదులవుతాయి. ఈ పలకను పెట్టె ఎత్తుకే ఆపకండి. 48×36 అంగుళాలు కోయించి, నేల నుంచి నాలుగంగుళాలు వదిలి మొదలుపెట్టండి. కింద స్కర్టింగ్ టైలు ముందుకు పొడుచుకొచ్చి గోడకూ పెట్టెకూ మధ్య ఎటూ అరంగుళం సందు మిగులుతుంది, పలక అందులో ఒదిగిపోతుంది. సీటు మీద దాదాపు రెండడుగులు లేస్తుంది. నూనె రాసుకున్న తలలు గోడకు ఆని గుండ్రంగా పడే నల్లమరకలు ఉంటాయే, ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనరు మొదట చూసేవి అవే. అవి ఈ పలక మీద పడతాయి. గదికి మీకు నచ్చిన రంగు ఇవ్వాలన్నా చోటు ఇదే. ముదురు ఆకుపచ్చో, ఇటుక రంగో ఎనామిల్ వేయించండి, తడిగుడ్డతో తుడవొచ్చు.

టేబుల్ 36×30 అంగుళాలు, ఎత్తు 30. కాళ్లు అంచులకు కాకుండా ఆరంగుళాలు లోపలికి ఉంటేనే బల్ల మీద జరిగి లోపలికి వెళ్లగలరు. టేబుల్ అంచు సీటు అంచు మీదికి రెండంగుళాలు రావాలి, దూరంగా ఉంటే ఉప్మా అంతా ఒళ్లోనే. మూలలు రూపాయి బిళ్ల వంపుకు గుండ్రం చేయించండి. టేబుల్‌క్లాత్ మాత్రం వద్దే వద్దు. మూడేళ్ల పిల్లాడు అంచు పట్టి లాగితే చాయ్ గ్లాసుతో సహా మీద పడుతుంది. పళ్లెం కింద విడివిడి చాపముక్కలు చాలు.

ఈ ఎత్తులో బాబు గడ్డం టేబుల్‌కు తగులుతుంది. దిండు వేస్తే జారుతుంది. నాలుగంగుళాల గట్టి ఫోమ్ ముక్కకు గలేబు కుట్టించి, రెండు నాడాలతో వెనక పలకకు కట్టండి (పలకకు రెండు రంధ్రాలు పెట్టించడం మరిచిపోవద్దు, గోడకు కాదు కాబట్టి ఓనరుతో పేచీ లేదు). కాళ్లు వేలాడితే పిల్లలు నిమిషం కూర్చోరు. కింద ఓ పాత పీట పెట్టండి.

రెండో బల్ల టేబుల్ దాటి ఓ అడుగున్నర ఆటవైపు మిగులుతుంది. ఆ కింది అర బొమ్మల బుట్టకు. టేబుల్ కిందికి వచ్చే అరల్లో ఎప్పుడో గానీ తీయనివి పెట్టండి. ఇల్లు మారేటప్పుడు విప్పుకోవాలనుకుంటే ఫెవికాల్ వేయనివ్వకండి, లోపల ఎల్ క్లాంపులు, నట్లు-బోల్టులతో బిగించమనండి. ప్లైవుడ్ అంచులోకి దించిన స్క్రూ రెండోసారి అంత గట్టిగా పట్టదు.

ప్రశ్న: పిల్లల కోసం రంగురంగుల ఫోమ్ చాపలు ముక్కకు ముక్క కలిపి గది నిండా పరిచాం. మూడు నెలలకు కింద నల్లగా బూజు, ముక్కవాసన. చీమలు కూడా. కింద షాబాదు బండలు. చాపలు మంచివి కావా?
– ఓ పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: చాపల్లో తప్పు లేదు, గది నిండా పరచడమే తప్పు. పైన ఒలికిన పాలు, తుడిచిన నీళ్లు అతుకుల్లోంచి కిందికి దిగుతాయి, పైకి ఆవిరయ్యే దారి ఉండదు. తినే చోట ఫోమ్ వేయకండి, బండ బండలాగే ఉండాలి. ఆటచోట 6×6 అడుగులు చాలు, అంటే రెండడుగుల ముక్కలు తొమ్మిది. గోడ నుంచి అరడుగు వదలండి. వారానికోసారి ముక్కలు విప్పి నిలబెట్టి, నేల తుడిచి, పూర్తిగా ఆరాకే పరవండి. ఎండలో మాత్రం ఆరేయొద్దు. మన ఎండలకు ఫోమ్ ముడుచుకుని ముక్కలు మళ్లీ ఒకదానిలో ఒకటి కలవవు. కొత్తవి తెస్తే కవరు విప్పి మూడు నాలుగు రోజులు నీడలో గాలికి పెట్టి, ఘాటు పోయాకే పిల్లల్ని కూర్చోబెట్టండి. పాత చీరల బొంత ఉంటే అసలు ఫోమ్ ఎందుకు? ఉతుక్కోవచ్చు. కాకపోతే నున్నటి టైల్స్ మీద బొంత జారుతుంది, కింద రబ్బరు జాలీ వేయాలి.

బూజు పోవాలని, బోరునీళ్ల తెల్లచారలు పోవాలని బండల మీద వెనిగర్, నిమ్మకాయ, బాత్రూం యాసిడ్ లాంటివి పోయకండి. షాబాదు, తాండూరు బండలు సున్నపురాయి. పులుపు తగిలితే రాయి పైపొర కరిగి మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. చింతపండు చారు ఒలికినా వెంటనే తుడవాల్సింది అందుకే. సబ్బునీళ్లు, గట్టి బ్రష్షు, తరవాత పొడిబట్ట, అంతే.

ప్రశ్న: పై అంతస్తు, పడమటి కిటికీ. సాయంత్రం నాలుగు నుంచి పిల్లలు ఆ గదిలో ఆడలేకపోతున్నారు. హాలుకూ ఈ గదికీ మధ్య తలుపు లేదు, చౌకట్ మాత్రమే ఉంది. పరదాలు కొంటే ఎలాంటివి కొనాలి, రాడ్డు ఎలా బిగించాలి?
– ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఎండను అద్దానికి బయటే ఆపాలి. లోపలి పరదా ఎంత మందమైనా అప్పటికే వేడి గదిలోకి వచ్చేసినట్టే. బయట కిటికీ ఊచలకు వెదురు తడిక (చిక్) తాళ్లతో కట్టండి, మొల అక్కర్లేదు. కింది అంచు కూడా కట్టకపోతే గాలిదుమారానికి టపటపా కొట్టుకుని పుల్లలు విరుగుతాయి. పైకప్పు వేడికి మాత్రం పరదాలు ఏమీ చేయలేవు. చల్లసున్నమో, కూల్ పెయింటో స్లాబు మీద వేయించమని ఓనరును వేసవికి ముందే అడగండి.

మీ చౌకట్‌కు స్ప్రింగు రాడ్డు సరిపోతుంది. తిప్పితే పొడుగై రెండు వైపులా ఒత్తి నిలబడుతుంది. చెక్క చౌకట్ లోపలే పెట్టండి. సున్నం గోడల మధ్య పెడితే జారుతుంది, జారుతూ గుండ్రంగా గీస్తుంది. ఐదడుగులు దాటితే నడుమ వంగుతుంది.

బట్టకు డబ్బు పోయాలంటే ఇక్కడే పోయండి. ఈ పరదా రెండు గదుల్లోంచీ కనిపిస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది తరవాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. తిప్పి చూసినప్పుడు వెనక వెలిసినట్టుంటే అది ప్రింటు. కొనకుండా సరిపెట్టాలంటే పెట్టెలో ఉన్న నారాయణపేట నూలు చీర తీయండి. ఐదున్నర మీటర్లంటే 18 అడుగులు. మడతలతో కలిపి ఏడున్నర అడుగుల చొప్పున రెండు ముక్కలు పోను మూడడుగులు మిగిలి దిండు గలేబుకు వస్తుంది. చీర అంచు పరదాకు నిలువు అంచవుతుంది, వేరే పట్టీ కుట్టించనక్కర్లేదు. కుట్టేముందు ఒకసారి విడిగా చల్లనీళ్లలో ఉతకండి. నూలు కుంచించుకుపోతుంది, కుట్టాక ఉతికితే పరదా నేలకు రెండంగుళాలు పైనే ఆగుతుంది.

 

ప్రశ్న: పుస్తకాల అల్మారా పిల్లల మీద పడుతుందేమోనని భయం. గోడకు బిగించడానికి ఓనరు ఒప్పుకోరు.
– పేరు రాయని పాఠకుడు, వనపర్తి

జవాబు: భయం సరైనదే. పిల్లలు అరల్ని మెట్లు చేసుకుంటారు. బిగించలేని చోట ఎత్తైన అల్మారా పెట్టనే వద్దు. మూడడుగుల లోపుది, పొడుగు ఎక్కువ ఎత్తు తక్కువ ఉన్నది తీసుకుని బరువైనవి అడుగు అరలో పెట్టండి, బొమ్మకారు, టీవీ రిమోట్ లాంటి ఊరించేవి పైన పెట్టకండి. ఉన్నది పొడవాటిదే అయితే కిటికీ పక్కకు జరిపి, పై భాగాన్ని రెండు చోట్ల నైలాన్ పట్టీలతో కిటికీ ఊచలకు కట్టండి. పిల్లలు ఊచలెక్కే కిటికీ అయితే ఆ పనీ వద్దు. ఇవేవీ కుదరకపోతే ఓనరుకు ఫొటో పంపి, ఒక్క రంధ్రానికి అనుమతి వాట్సాప్‌లో రాయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు లప్పం పెట్టి పూడ్చడం పది నిమిషాల పని.

ప్రశ్న: తెల్ల సన్మైకా టేబుల్ మీద, పరుపు గలేబుల మీద పసుపు మరకలు. ఏం చేసినా పోవట్లేదు.
– ఓ పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: పసుపు రంగు ఎండకు వెలుస్తుంది. గలేబులను సబ్బుతో ఉతికి తడిగా ఉండగానే ఎండలో వేయండి, రెండు మూడు విడతల్లో పోతుంది. టేబుల్‌ను బాల్కనీలోకి జరపగలిగితే దానికీ అదే మందు. జరపలేకపోతే వంటసోడా ముద్ద పావుగంట ఉంచి మెత్తటి గుడ్డతో తుడవండి. ఇనుప పీచుతో తోమితే సన్మైకా మెరుపు పోయి, రేపటి పులుసు మరక ఇంకా లోతుకు దిగుతుంది.