ఇల్లు వదిలి వచ్చిన పిల్లను ఇంట్లో ఉంచుకోవచ్చా?

కావలి స్టేషనులో ఒంటరిగా కనిపించిన పదిహేనేళ్ల అమ్మాయిని మీ అత్తగారు ఇంటికి తెచ్చారు, ఇప్పుడు ఆ పిల్ల ఆమె కొంగు వదలడం లేదు, ఉంచుకోవచ్చా అని అడిగారు.

అన్నం పెట్టడం నేరం కాదు, ఎవరికీ చెప్పకపోవడం నేరం. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 24 గంటల్లో పిల్లల సహాయ నంబరు 1098కి గానీ, పోలీసులకు గానీ, జిల్లా బాలల సంక్షేమ కమిటీకి గానీ తెలపాలి. లేదంటే ఆరు నెలల వరకు జైలు, పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. గడువు దాటినా ఈరోజే చెప్పండి.

ఇంట్లో భయపడి వచ్చిన పిల్ల, కసరకుండా మారు వడ్డించిన మనిషిని అంటిపెట్టుకోవడంలో వింతేముంది? అందుకే పిల్లకు ముందే చెప్పి, మీ అత్తగారే కమిటీ దగ్గరికి వెంట వెళ్లాలి. లేకపోతే పట్టించేశారనుకుంటుంది. మీ అత్తగారు అర్హురాలని గుర్తిస్తే, కమిటీయే పిల్లను తాత్కాలికంగా ఆమెకు అప్పగించే వీలూ చట్టంలో ఉంది.