టెక్ సందేహాలు: యాప్ మారిస్తే నవల కదలదు

సందేహం: నవల రాస్తున్నాను. అవుట్‌లైన్ (సన్నివేశాల వరస) వేసుకోవడానికి ఇప్పటికి నాలుగు యాప్‌లు మార్చాను. ఏదీ నప్పలేదు. మంచిది ఒకటి చెప్పండి.

వచ్చే ఉత్తరాల్లో ఊళ్ల పేర్లు మారుతున్నాయే తప్ప ప్రశ్న మారడం లేదు. నాలుగు యాప్‌లు మార్చామంటారు, ఐదోది అడుగుతారు. ఆ నాలుగింటిలో కలిపి ఎన్ని సన్నివేశాలు రాశారో మాత్రం ఎవరూ చెప్పరు. ప్రతి యాప్ లోపలా ఒక పద్ధతి కూర్చుని ఉంటుంది. కార్డుల యాప్ కథను ముక్కలుగా చూడమంటుంది. మైండ్‌మ్యాప్ వరస లేకుండా కొమ్మలు వేయమంటుంది. మీ బుర్ర ఆ దారిన నడవకపోతే రంగులూ థీములూ ఎన్ని ఉన్నా ఒకటే. కాబట్టి ముందు మీరెక్కడ ఆగిపోతున్నారో చూసుకోండి.

మొదలూ ముగింపూ తెలిసి మధ్యలో చతికిలబడేవారికి స్ప్రెడ్‌షీట్‌ను (ఎక్సెల్ లాంటి గళ్ల పట్టికను) మించింది లేదు. వరసకు ఒక సన్నివేశం. నిలువు గళ్లు ఏడు చాలు: సంఖ్య, ఎవరి కళ్లతో, ఎక్కడ, ఎప్పుడు, ఆ మనిషికి ఏం కావాలి, అడ్డేమిటి, చివరికి ఏం మారింది. నలభై వేల మాటల నవల, సన్నివేశానికి వెయ్యి మాటలు అనుకుంటే 40 వరసలు, అంతే. సంఖ్యలు 1, 2, 3 అని కాక 10, 20, 30 అని వేయండి. తర్వాత మధ్యలో ఒకటి దూర్చాలంటే 25 అని రాసి సార్ట్ చేస్తే (సంఖ్యల వరసలో పేర్చితే) సరిపోతుంది. సార్ట్ చేసేటప్పుడు పట్టిక మొత్తం ఎంచుకోండి. ఒక్క గడి నిలువునే సార్ట్ చేస్తే పదో సన్నివేశం పక్కన ముప్ఫయ్యో సన్నివేశం ఊరు వచ్చి చేరుతుంది, అది కనిపెట్టేసరికి వారం గడుస్తుంది. అందానికి గళ్లను మెర్జ్ చేసినా (ఒకటిగా కలిపేసినా) సార్ట్ మొరాయిస్తుంది. అన్నీ నింపాక చివరి గడిని ఒక్కసారి పైనుంచి కిందికి చదవండి. ‘ఏం మారింది’ దగ్గర వరసగా మూడు ఖాళీలుంటే కథ చతికిలబడింది అక్కడే.

రాస్తే గాని కథేమిటో తెలియని వాళ్లకు ముందస్తు అవుట్‌లైన్ కాలికి బంధమే. వాళ్లు తిరగేసి చేయాలి. ముందు చిత్తుప్రతి రాసుకుంటూ పోయి, రోజు చివర ఆ రోజు రాసిన సన్నివేశానికి ఒక్క వాక్యం, పదిహేను మాటలు దాటకుండా, శీర్షికగా పెట్టాలి. వర్డ్‌లో ఆ వాక్యం మీద కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కితే హెడింగ్ 1 అవుతుంది. లిబ్రెఆఫీస్‌లో కంట్రోల్, 1. గూగుల్ డాక్స్‌లోనూ వర్డ్ మీటలే. పక్కన శీర్షికల జాబితా చూపే నావిగేషన్ పేన్ తెరిస్తే మీ నవల అవుట్‌లైన్ అప్పటికే తయారై కనిపిస్తుంది. ‘పేన్ ఖాళీగా ఉంది’ అని రాసేవాళ్లంతా చేసే తప్పు ఒక్కటే: అక్షరాలు బోల్డ్ చేసి, సైజు పెంచి, అదే హెడింగ్ అనుకోవడం. కంటికి హెడింగే, వర్డ్‌కు మాత్రం మామూలు పేరా.

వర్డ్ పేన్‌లో శీర్షికను పట్టుకుని లాగితే దాని కింది సన్నివేశం మొత్తం వెంట వస్తుంది. అవుట్‌లైన్ వ్యూలో ఆల్ట్, షిఫ్ట్, పై బాణంతో జరిపేవారు మాత్రం ముందు ఆ శీర్షికను ముడవాలి, అంటే దాని కింది రాత కనిపించకుండా దాచాలి. ముడవకపోతే శీర్షిక ఒక్కటే పైకి ఎక్కుతుంది, సన్నివేశం పక్కింటి శీర్షిక కింద చేరుతుంది.

ఏది మీదో తేలకపోతే ఒకే పది సన్నివేశాలను ఒక వారం పట్టికలో, ఇంకో వారం తిరగేసిన పద్ధతిలో పెట్టి చూడండి. ఏ వారం ఎక్కువ పేజీలు రాశారో లెక్కపెట్టుకోండి.

సందేహం: పాత్ర పేరుతో వెతికితే కొన్ని సన్నివేశాలే దొరుకుతున్నాయి. మిగతావాటిలోనూ పేరు సరిగ్గానే ఉంది.

కంటికి సరిగ్గానే ఉంటుంది. ‘కుమార్’ చివర పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తర్వాతి అక్షరం వత్తుగా కలవకుండా ఆపడం దాని పని. ఫోన్‌లో ఒకలా, కంప్యూటర్‌లో ఒకలా టైపు చేస్తే ఒకే పాత్రకు రెండు పేర్లు పుట్టినట్టే. తెలుగులో వెతకడానికి వీలిచ్చే యాప్‌కు ఈ తేడాను పట్టించుకోకుండా వదిలేయడం రాకపోతే అది తయారీదారు బద్ధకం. అంతవరకు మీరు చేయగలిగింది ఒకటుంది. పట్టికలో పాత్ర పేరు రాసే గడికి (‘ఎవరి కళ్లతో’) డేటా వాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్, అంటే ఎంచుకోవడానికి పేర్ల జాబితా, పెట్టండి. పేరు ఒక్కసారే టైపు చేస్తారు, ఆ తర్వాత ఎంచుకోవడమే.

అనూ ఫాంట్లలో టైపు చేసిన పాత సన్నివేశాలను నేరుగా అతికించి ‘యాప్ తెలుగు చూపించడం లేదు’ అనేవాళ్లకు: అది యూనికోడ్ (ఇప్పటి యాప్‌లు చదివే అక్షరాల పద్ధతి) కాదు. ముందు మార్చుకోండి, మార్చాక వత్తులు ఒకసారి సరిచూసుకోండి.

సందేహం: ప్లాటు కార్డుల యాప్ ఒకటి గూగుల్ ఖాతాతో లాగిన్ అవమంది. ఏవో అనుమతులు అడిగితే సరే అన్నాను. ఫర్వాలేదా?

ఏవో అనుమతులు! ఇల్లు అద్దెకిస్తూ ఎవరికో చెప్పలేం అంటామా? మిగతా ప్రశ్నలన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. లాగిన్‌కు పేరు, ఈమెయిల్, ఫొటో చాలు. మీ డ్రైవ్‌లోని ఫైళ్లన్నిటినీ చూడటం, మార్చడం, కొత్తవి సృష్టించడం, తొలగించడం అని ఆ తెరమీద రాసి ఉంటే అడుగుతున్నది మీ కథ ఒక్కటే కాదు. ఆధార్ స్కాన్, పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చాలామందికి ఉండేది ఆ డ్రైవ్‌లోనే. తాను సృష్టించిన ఫైళ్ల వరకే అనుమతి అడిగే మార్గం గూగుల్ ఎప్పుడో ఇచ్చింది. ఇరవై కార్డులు దాచుకోవడానికి ఇల్లంతా అడిగే యాప్ తయారు చేసినవాడు పనిమీద శ్రద్ధ లేనివాడైనా అయి ఉండాలి, వేరే ఆలోచన ఉన్నవాడైనా అయి ఉండాలి. రెంటిలో ఏదైనా మీ నవల అక్కడ ఉండకూడదు.

ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే అనుమతి పోదు. తాళంచెవి వాళ్ల సర్వర్‌లో ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చినా డ్రైవ్ అనుమతి అలాగే మిగిలిపోవచ్చు. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో సెక్యూరిటీలోకి వెళ్లి, థర్డ్ పార్టీ యాప్‌లు, సర్వీసుల కనెక్షన్లు తెరిచి, ఆ పేరు మీద నొక్కి కనెక్షన్ తొలగించండి. అక్కడ పాత ఫొటో ఎడిటర్లు, ఆటలు కూడా వరసగా కనిపిస్తాయి, వాటినీ పంపించేయండి. ఈలోగా వాళ్లు తీసుకున్న నకలు మాత్రం ఈ బటన్‌తో వెనక్కి రాదు. కొత్త యాప్‌లు పరీక్షించడానికి ఖాళీ గూగుల్ ఖాతా వేరుగా పెట్టుకోండి.

ఆండ్రాయిడ్‌లో వేరే తెలుగు కీబోర్డు పెట్టేటప్పుడు కూడా ఇంతే. పాస్‌వర్డులతో సహా మీరు టైపు చేసేదంతా ఇది సేకరించగలదని ఫోన్ హెచ్చరిస్తుంది. చదవకుండా ఓకే నొక్కుతాం. నవల మొత్తం వెళ్లేది ఆ కీబోర్డు గుండానే.

ఇక అసలు నా గోడు. కార్డుల యాప్‌లు లోపలికి తీసుకున్నంత సులువుగా బయటికి ఇవ్వవు. ‘ఎగుమతి ఉంది’ అంటారు, చూస్తే పీడీఎఫ్ ఒక్కటే. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేసి చూడండి, వత్తులూ గుణింతాలూ చెల్లాచెదురుగా పడతాయి. పైగా నిన్నటిదాకా ఉన్న సాదా టెక్స్ట్ ఎగుమతిని ఒక అప్‌డేట్‌లో చందాదారులకు మార్చేసి, ఆ స్థానంలో కథను కొనసాగించే ఏఐ బటన్ పెడతారు. అడగకుండానే ఆన్‌లో ఉంటుంది. సింక్‌ను (అన్ని పరికరాల్లో ఒకేలా ఉంచడాన్ని) బ్యాకప్ అనుకునేవాళ్లూ తక్కువేం కాదు: ఫోన్‌లో పొరపాటున చెరిపితే అన్ని చోట్లా చెరిగిపోతుంది. డ్రైవ్ చెత్తబుట్ట దాచేది 30 రోజులే.

కొత్త యాప్‌లో నలభై కార్డులు రాయకముందు మూడు రాయండి. వాటిలో స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం అనే మాటలు ఉండేలా చూడండి. కార్డు అడుగున వత్తులు తెగిపోతున్నాయేమో గమనించి, టెక్స్ట్‌గా గాని డాక్స్‌గా గాని ఎగుమతి చేసి కంప్యూటర్‌లో తెరవండి. నోట్‌ప్యాడ్‌లో ప్రశ్నార్థకాలు బారులు తీరితే ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) తెలుగును దాచలేని ఆన్సీలో ఉందన్నమాట. 2019కి ముందున్న విండోస్‌లో నోట్‌ప్యాడ్ మామూలుగా అలాగే భద్రపరిచేది. సేవ్ యాజ్‌లో తెలుగును దాచగల యూటీఎఫ్-8 ఎంచుకోండి. ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయిన ఫైలులో తెలుగు మళ్లీ రాదు, యాప్‌లోంచి ఇంకోసారి ఎగుమతి చేసుకోవాల్సిందే.