పాత ఇంటి ముందు భాగం తక్కువ ఖర్చులో బాగా కనిపించాలంటే ఏం చేయాలి?

ఇరవై ఏళ్ల డాబా ఇల్లు, ముందు గోడ మీద నల్లటి చారలు, అక్కడక్కడా రంగు పెచ్చులూడుతోంది, బడ్జెట్ తక్కువ అంటున్నారు. అయితే రంగు ఎంచుకునే ముందు నీళ్లు ఎటు నుంచి దిగుతున్నాయో చూడండి.

ఆ చారలు చాలావరకు పిట్టగోడ పైనుంచి, సన్‌షేడ్ అంచు నుంచి కారే వాననీళ్లవే. పిట్టగోడ పైభాగం డాబా వైపు వాలుగా ఉండేలా సిమెంట్ చేయించండి. సన్‌షేడ్ అడుగున, అంచుకు దగ్గరగా వేలెడు వెడల్పున ఒక గాడి ఉంటే నీటి బొట్టు గోడదాకా పాకకుండా అక్కడే కింద పడిపోతుంది. మేస్త్రీకి ఇది చిన్న పనే, కానీ వేసిన రంగును ఏళ్లపాటు కాపాడేది ఇదే.

తర్వాత నాచును బ్లీచింగ్ నీళ్లతో కడిగించి, ఊడే రంగును వైర్ బ్రష్‌తో గీకించండి. గోడ పూర్తిగా ఆరాక ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (బయటి గోడకు రంగు కింద వేసే తొలి పూత) ఒక కోటు, ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) రెండు కోట్లు చాలు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన చోట మాత్రం దాదాపు 28 రోజులు ఆగాలి. పెయింటర్ తొందరపెట్టినా ఒప్పుకోకండి.

రంగుల్లో నా ఓటు లేత గోధుమ రంగుకే. మన దుమ్ముకు తెలుపు త్వరగా మాస్తుంది, ముదురు రంగు ఎండకు వెలిసిపోతుంది. డబ్బు మిగిలితే గేటుకు తుప్పు గీకించి, తుప్పును ఆపే రెడాక్సైడ్ ప్రైమర్ వేసి, దాని మీద ఎనామెల్ పెయింట్ వేయించండి.