అల్లుడూ, ప్రొపెల్లర్ విప్పేసి ఉంచు

ఒరే అల్లుడూ, నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది, గుణుపురంలో నువ్వేదో రిమోటుతో ఎగరేసే ఆర్‌సీ విమానం తెప్పించి హాల్లోనే మోటారు తిప్పి చూసేవట, కర్టెన్ చిరిగిందట. కర్టెన్ పోతే పోయింది గానీ ఇది పూర్తిగా చదివేదాకా ప్రొపెల్లర్ బిగించకు.

నా ఎడం చూపుడువేలు మీద గీత ఉంటాది చూసేవా, చిన్నప్పుడు నువ్వడిగితే కొడవలి తెగిందన్నాను, అబద్ధం. ఇక్కడ పర్లాకిమిడిలో మా వంటింటి బల్ల మీద ప్రొపెల్లర్ విప్పకుండానే బ్యాటరీ గుచ్చేను, రిమోటు పక్కనే నిలబెట్టి ఉంది, చొక్కా చెయ్యి మోటారు వేగం పెంచే థ్రాటిల్ పుల్లకి తగిలింది అంతే. పది అంగుళాల ప్లాస్టిక్ ముక్క ఏటి చేస్తాదిలే అనిపిస్తాది. నీ మోటారు మీద 1000 కేవీ అని ఉంటాది కదా, అంటే వోల్టుకి నిమిషానికి 1000 చుట్లు, మూడు సెల్లుల బ్యాటరీకి 11.1 వోల్టులు, లెక్క నువ్వే వేసుకో, లోడు మీద కొంత తగ్గినా వేలల్లోనే. ఏడు కుట్లు పడ్డాయి, మీ అత్త వారం రోజులు నాతో మాటాడలేదు.

అందుకని ఇంట్లో ఏ సెట్టింగ్ చేసినా ప్రొపెల్లర్ విప్పేసే చెయ్యి. పొలంలో అయితే ముందు రిమోటు ఆన్, థ్రాటిల్ పూర్తిగా కిందకి, ఆ తర్వాతే బ్యాటరీ. దిగేక ముందు బ్యాటరీ పీకి అప్పుడు రిమోటు ఆఫ్. దీన్ని తిరగేసి చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల వేళ్లు చూస్తే తెలిసిపోతాది. ప్రొపెల్లర్ తిరుగుతున్నప్పుడు దాని ఎదర గానీ పక్కన వరసలో గానీ నిలబడకు, తోక వెనకుండు. ఫెయిల్‌సేఫ్ కూడా చూసుకో, అంటే సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు, ప్రొపెల్లర్ లేకుండా మోటారు తిప్పుతూ రిమోటు ఆఫ్ చెయ్యి, మోటారు ఆగిపోవాలి, ఆగలేదంటే ఆ రోజుకి ఎగరేసే పని లేదు.

మా రోజుల్లో 72 మెగాహెర్ట్జ్ సెట్లు, మీటరు పొడుగు యాంటెనా, పక్కోడు అదే క్రిస్టల్‌తో, అంటే అదే ఫ్రీక్వెన్సీ ముక్కతో, ఆన్ చేసేడంటే నీ విమానం వాడి మాట వింటాది, నాది ఒకటి అలాగే చెరుకుతోటలోకి పోయింది. మీకా బాధ లేదు, 2.4 గిగాహెర్ట్జ్ దానంతటదే సర్దుకుంటాది. అయినా రిమోటు సిగ్నల్ బలం తగ్గించే రేంజ్ చెక్ మోడ్‌లో పెట్టి ముప్పై అడుగులేసి దూరం నుంచి రెక్కల వెనకంచున కదిలే ఏలెరాన్లు కదుల్తున్నాయో లేదో చూడు. వెనక నిలబడి పుల్ల కుడికి తోస్తే కుడి రెక్క ఏలెరాన్ పైకి లేవాలి, ఉల్టా ఉంటే రిమోట్లో రివర్స్ చేసుకో.

బ్యాటరీ గురించి గట్టిగా చెప్తున్నా, వాపొచ్చిన లైపోని, అంటే ఈ లిథియం పాలిమర్ బ్యాటరీని, వాడకు. 2200 ఎంఏహెచ్ అయితే 2.2 యాంపుల మీదే సెల్లులన్నీ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జింగ్ పెట్టు, గచ్చు మీద పెట్టు, పరుపు మీద కాదు, పెట్టి నిద్రపోకు. సెల్లుకి 4.2 వోల్టులు దాటకూడదు, 3.5 దగ్గరకొచ్చేసరికి విమానం నేల మీద ఉండాలి, వారం ఎగరేయకపోతే 3.8లో దాచు.

బరువు ఎక్కడ నిలుస్తోందో కూడా చూడు, రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో పావు వంతుకీ మూడో వంతుకీ మధ్యలో రెండు వేళ్ల మీద నిలబెడితే సమంగా ఉండాలి, ముక్కు కాస్త దిగినా పర్లేదు, తోక దిగితే బ్యాటరీ ముందుకి జరుపు.

కోతలయ్యేక మడులు గానీ, ఎండల్లో వంశధార ఇసుక గానీ బాగుంటాది, పొద్దున్నే వెళ్లు, మధ్యాహ్నం కొండల మీంచి గాలి తిక్కతిక్కగా వస్తాది. కరెంటు తీగలున్న వైపు వద్దు. నువ్వు బ్యాగ్ విప్పేసరికి ఎక్కడున్నారో గానీ పిల్లలంతా వచ్చేస్తారు, గొర్రెల కాపర్లూ వస్తారు, అందరినీ నీ వెనక్కి పంపాకే మోటారు. గాలికి ఎదురుగా లేపు. ఎత్తు రాకుండా మలుపు తిప్పకు, వేగం తగ్గితే రెక్క వాలిపోతాది. విమానం నీ వైపు వస్తున్నప్పుడు కుడీ ఎడమా తారుమారవుతాయి, అందరూ అక్కడే తికమక పడతారు, ఏ రెక్క దిగుతోందో ఆ వైపుకే పుల్ల తొయ్యి, అది లేస్తాది. చేతిలోంచి పోతోందనిపిస్తే థ్రాటిల్ మూసేసి మడిలో పడనీ, డబ్బుల గురించి ఆలోచించి మనుషుల మీదుగా తిప్పి తెచ్చుకోకు.

2021 డ్రోన్ రూల్స్ మనలాంటి రెక్కల విమానాలకీ వర్తిస్తాయి, 250 గ్రాములు దాటి 2 కిలోల లోపలైతే మైక్రో కింద లెక్క. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా, ఎయిర్‌పోర్టు హద్దుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యన అయితే 200 అడుగులే, ఇంకా దగ్గరైతే అనుమతి లేకుండా ఎగరేయడానికి లేదు. సెలవులకి జయపురం పెద్దమ్మ ఇంటికి పట్టుకెళ్తానన్నావట, అక్కడ ఎయిర్‌పోర్టు ఉంది మరి, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే సర్కారీ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోకుండా బ్యాగ్ విప్పకు.

ఆదివారం పొద్దున్న రైలుకి వస్తా. బ్యాటరీ ఛార్జ్ చేసి ఉంచు, ప్రొపెల్లర్ మాత్రం అమ్మకిచ్చి పోపుల డబ్బాలో దాచమను, నేనొచ్చేకే బిగిద్దాం.