ఆన్‌లైన్ స్ప్రింట్ పెట్టే ముందు

తమ్ముడూ,

మీ డిక్షనరీ యాప్‌కి వీకెండ్ స్ప్రింట్, అంటే అందరూ ఆన్‌లైన్‌లో చేరి రెండు రోజులు కలిసి పనిచేసే కార్యక్రమం, పెడుతున్నావని, పేర్లు బాగానే వస్తున్నాయని రాశావు. సంతోషం. కానీ నేను అడిగేది ఒక్కటే, రివ్యూ చేసేవాళ్లు ఎంతమంది? వచ్చిన మార్పుల్ని చూసి ప్రాజెక్టులో కలిపే (మెర్జ్ చేసే) హక్కు ఉండి, ఆ రెండు రోజులూ నిజంగా కూర్చునేవాళ్ల సంగతి అడుగుతున్నా. కొత్త కుర్రాడు భయపడుతూ మొదటి పుల్ రిక్వెస్ట్, అంటే తన మార్పు కలుపుకోమనే అభ్యర్థన, పంపి, సాయంత్రం దాకా ఎవరూ పలకకపోతే మళ్లీ ఈ వైపు రాడు. ఒక్కో రివ్యూయర్‌కి కొత్తవాళ్లు నలుగురు చాలు, మిగతావాళ్లని వచ్చేసారికి ఉంచు. టీషర్టులూ సర్టిఫికెట్లూ ఇస్తామని మాత్రం అనకు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి మార్పులు పంపించడానికి ఏటా అక్టోబర్‌లో జరిగే, 2014లో మొదలైన హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో టీషర్టు కోసం రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లో ఒక మాట మార్చి పంపేవాళ్లు 2020లో ఎంత ఎక్కువైపోయారంటే, ఇష్టమున్న ప్రాజెక్టులే చేరేలా నడిమధ్యలో రూల్ మార్చాల్సి వచ్చింది.

ఇష్యూలు, అంటే చెయ్యాల్సిన ఒక్కో పని వివరం, వారం ముందే రాసి పెట్టు. "తెలుగు సరిగ్గా రావట్లేదు" అని రాస్తే అది ఇష్యూ కాదు, ఫిర్యాదు. "లక్ష్మి అని వెతికితే సగంలో తెగిపోతోంది, ఎందుకంటే 'క్ష్మి' కంటికి ఒకటే అక్షరం గానీ కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూనికోడ్‌లో ఆరు ముక్కలు (కోడ్ పాయింట్లు), మన కోడ్ వాటిని ఒక్కొక్కటిగా కోస్తోంది, ఫలానా ఫైల్ చూడండి, ఈ టెస్ట్ పాసైతే పనైనట్టే" అని రాయి, అప్పుడు ఎవరైనా పట్టుకుంటారు. కోడింగ్ రానివాళ్లకి అనువాదాలూ, పాత ఫోన్లలో ఒత్తులు సరిగ్గా కనపడుతున్నాయా అని చూసే పనీ ఇవ్వు. అవి చిన్న పనులేం కావు.

సెటప్ మాత్రం శుక్రవారం రాత్రే అయిపోవాలి, ఎందుకంటే శనివారం పొద్దున ఇన్‌స్టాల్ మొదలుపెడితే ఆ రోజు దానికే సరిపోతుంది. అమీర్‌పేట హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే పిల్లలకి సెటప్ అంతా ఒకే మూటగా ఉండే జీబీల డాకర్ ఇమేజ్ దించుకోమంటే ఎలా? కోడ్‌లో పాత మార్పుల హిస్టరీ కూడా అంతా అక్కర్లేదు, కోడ్ దించుకునేటప్పుడు (క్లోన్) డెప్త్ 1 పెట్టి తాజాది మాత్రం తీసుకోమని చెప్పు.

బెర్లిన్, న్యూయార్క్ వాళ్లు కూడా ఉన్నారన్నావు కదా, అయితే మన రాత్రి ఏడున్నర బాగా కుదురుతుంది, వేసవిలో అప్పుడు బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు, న్యూయార్క్‌లో పొద్దున పది. చలికాలంలో వాళ్ల గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, మనవి కదలవు, అందుకే టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, కూడా వెయ్యి. తేదీ చూసేటప్పుడు వినాయక నిమజ్జనం, సెమిస్టర్ పరీక్షలు అడ్డం రాకుండా చూసుకో, నిమజ్జనం రోజు హైదరాబాద్‌లో ఎవడూ లాప్‌టాప్ ముందు కూర్చోడు.

రోజంతా వీడియో కాల్ వద్దు, తలనొప్పి. మొదట్లో కాసేపు, చివర్లో కాసేపు, మిగతాదంతా చాట్‌లోనే. జిట్సీ అనే వీడియో కాల్ యాప్ అయితే చేరేవాళ్లకి అకౌంట్ కూడా అక్కర్లేదు. మనవాళ్లు పదిమందిలో "నాకు అర్థం కాలేదు" అనరు, కెమెరా ఆపేసి మెల్లగా జారుకుంటారు. గంటసేపు చడీచప్పుడూ లేనివాళ్లకి విడిగా మెసేజ్ పెట్టి "ఎక్కడ ఆగావు?" అని అడిగే పని ఒకరికి అప్పజెప్పు, వాళ్లకి కోడింగ్ పని ఇవ్వకు.

సోమవారానికి సగంలో ఉన్న పుల్ రిక్వెస్టులు ఎలాగూ మిగులుతాయి. ఆ వారంలోనే ప్రతిదానికీ ఏదో ఒకటి తేల్చండి, తీసుకోకపోతే ఎందుకో రెండు ముక్కలు రాయండి.

తేదీ ఖరారయ్యాక ఇష్యూల లిస్టు నాకు పంపు. శనివారం రాత్రి రివ్యూకి నేను కూర్చుంటా, నా కింద నలుగుర్ని వేసుకో.