సైబర్-ఫిజికల్ సిస్టమ్స్ రీసెర్చ్‌లో అసలు ఏం చేస్తారు?
నెట్‌వర్క్‌ల మీద పరిశోధన అంటే ఇంటర్నెట్ స్పీడు పెంచడమేనా అని అడిగారు, కాదండీ. కంప్యూటర్ నిర్ణయం నేరుగా యంత్రాన్ని కదిలించే వ్యవస్థలనే సైబర్-ఫిజికల్ సిస్టమ్స్ అంటారు. కరెంటు గ్రిడ్, డ్రైవర్ లేని కారు లాంటి వాటిలో, బ్రేక్ వేయమన్న సందేశం సగటున తొందరగా వస్తే చాలదు, ప్రతిసారీ గడువులోపే రావాలి. దీనికన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది: కరెంటు పోతే కమ్యూనికేషన్ పరికరాలు ఆగుతాయి, అవి ఆగితే గ్రిడ్‌ను నడిపేవాళ్లకు ఏ లైను ఎలా ఉందో తెలియదు, దాంతో మరికొన్ని లైన్లు ట్రిప్ అవుతాయి. 2003లో ఇటలీ దాదాపు మొత్తం చీకటైపోయింది కదా, ఆ ఘటనను ఉదాహరణగా తీసుకుని అమెరికాలోని బోస్టన్, ఇజ్రాయెల్‌లోని బార్-ఇలాన్ యూనివర్సిటీల పరిశోధకులు 2010లో దీనికి గణిత నమూనా కట్టారు. విడిగా గట్టిగా ఉన్న నెట్‌వర్క్‌లు కూడా ఒకదానిమీద ఒకటి ఆధారపడితే ఒక్కసారిగా కుప్పకూలగలవని అందులో తేలింది. నా దృష్టిలో ఈ రంగంలో ముందు చదవాల్సింది ఈ పరిశోధనే.